సబ్‌వూఫర్ సెటప్ సమగ్ర మార్గదర్శి: హాల్లో చోటు వెతకడం నుంచి రిసీవర్ మెనూ దాకా

మంచి సబ్‌వూఫర్ (బేస్‌ను, అంటే కింది శబ్దాలను పలికే పెట్టె, క్లుప్తంగా సబ్) కొని, టీవీ యూనిట్ పక్కన ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేసి, వెనక నాబ్‌లన్నీ సగానికి తిప్పి వదిలేసే ఇళ్లే ఎక్కువ. ఆ ఇళ్లలో ఒక సినిమాకు బేస్ గోడలు అదిరేలా వస్తుంది. ఇంకో సినిమాకు అసలు సబ్ ఆన్‌లో ఉందో లేదో లేచి వెళ్లి చూడాల్సి వస్తుంది. సోఫాలో ఓ చివర కూర్చున్నవాళ్లకు గుండెలు అదురుతుంటే, మధ్యలో కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియదు. దాంతో సబ్ బాగోలేదని తేల్చేసి ఇంకా పెద్దది కొనే ఆలోచన మొదలవుతుంది. అప్పుడే కొనకండి. ముందు ఉన్నదాన్ని సరైన చోట పెట్టి చూడండి. బేస్ విషయంలో సగానికి పైగా ఫలితం చోటు మీదే ఆధారపడి ఉంటుంది. చోటు కుదరకపోతే ఏ నాబ్ ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

లోపలే ఆంప్లిఫయర్ ఉండి కరెంటు ప్లగ్‌తో నడిచే పవర్డ్ సబ్‌వూఫర్, దానికి తోడు ఏవీ రిసీవర్ (టీవీ శబ్దాన్ని తీసుకుని స్పీకర్లన్నిటికీ పంచే ఆంప్లిఫయర్ పెట్టె), 5.1 స్పీకర్లు (ఐదు స్పీకర్లు, ఒక సబ్) మీ దగ్గర ఉన్నాయనుకుని రాస్తున్నాను. లెక్కల కోసం 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఫ్లాట్ హాలును తీసుకున్నాను. సౌండ్‌బార్‌తో వచ్చిన వైర్‌లెస్ సబ్ ఉన్నవాళ్లకు రిసీవర్ మెనూ గొడవ ఉండదు గానీ, చోటు వెతకడం, లెవెల్ సరిచూడడం, చప్పుళ్లు ఆపడం వాళ్లకూ ఇవే.

సబ్ దగ్గరికి ఏ శబ్దం వస్తుంది

5.1లో ఆ చివరి ".1" అంటే ఎల్‌ఎఫ్‌ఈ ట్రాక్. పేలుళ్లు, పిడుగులు, ఇంజిన్ల గర్జన లాంటి వాటి కోసం సౌండ్ మిక్సింగ్ చేసేవాళ్లు విడిగా ఇచ్చే ట్రాక్ ఇది. 120 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే అంకె, తగ్గేకొద్దీ శబ్దం కిందిది) దాకానే ఉంటుంది. ఇది కాక సబ్‌కు రెండో పని కూడా ఉంది. మీ ముందు స్పీకర్లు, సెంటర్, సరౌండ్ స్పీకర్లు పలకలేని కింది శబ్దాన్ని రిసీవర్ విడదీసి సబ్‌కే పంపిస్తుంది. దీన్ని బేస్ మేనేజ్‌మెంట్ అంటారు. పాటలు వింటున్నప్పుడు సబ్ నుంచి వచ్చేదంతా ఈ రెండో రకమే.

ఒక ముఖ్యమైన సంగతి. టీవీ నుంచి రిసీవర్‌కు మామూలు స్టీరియో వెళ్తుంటే ఎల్‌ఎఫ్‌ఈ ట్రాక్ అసలు రాదు. 5.1ను రెండు ఛానెళ్లకు కుదించేటప్పుడు సాధారణంగా ఎల్‌ఎఫ్‌ఈని వదిలేస్తారు. "ఓటీటీలో సినిమా చూస్తే బేసే లేదు" అనేవాళ్లలో చాలామందికి సమస్య ఇక్కడే ఉంటుంది. టీవీ సౌండ్ మెనూలోకి వెళ్లి డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎం నుంచి బిట్‌స్ట్రీమ్‌కు గానీ, పాస్ త్రూకు గానీ మార్చండి. తర్వాత సినిమా నడుస్తుండగా రిసీవర్ ముందున్న డిస్‌ప్లేలో డాల్బీ అని పడుతోందో లేదో చూసుకోండి. న్యూస్ ఛానెళ్లు, సీరియళ్లు ఎక్కువగా స్టీరియోలోనే వస్తాయి కాబట్టి వాటితో సబ్‌ను పరీక్షించి నిరాశపడకండి.

మన చెవి కింది శబ్దాలకు చాలా మొద్దు. 1000 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ ఉన్నా ఆరోగ్యమైన చెవికి వినిపిస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 78 డెసిబెల్స్ దాటితే గానీ వినపడదు. అందుకే సబ్‌కు అంత పెద్ద కోన్ (ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం పుట్టించే భాగం), అంత పెద్ద ఆంప్లిఫయర్ కావాలి. అలాగని అట్టపెట్టె మీద రాసిన పీఎంపీఓ వాట్లను (క్షణకాలపు గరిష్ఠం పేరుతో ఉబ్బించిన అంకె) చూసి మోసపోవద్దు. ఆగకుండా ఇవ్వగల పవర్‌ను చెప్పే ఆర్‌ఎంఎస్ ఎంతో చూడండి. అది కూడా రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. సరైన చోటికి మార్చితే అంతకు ఎన్నో రెట్లు తేడా వస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

ప్లగ్ పెట్టే ముందు వెనక లేబుల్ చదవండి

అమెరికాలో ఉన్న పిల్లలో, చుట్టాలో వస్తూ వస్తూ సబ్ తెచ్చే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనక ప్లేట్ మీద "100 నుంచి 240" అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. "115 / 230" అని చిన్న స్విచ్ ఉంటే, దాన్ని 230 వైపు జరిపాకే ప్లగ్ పెట్టాలి. ఒక్క 120 మాత్రమే ఉంటే నేరుగా పెట్టకూడదు. ఫ్యూజ్ పోవడంతో ఆగితే అదృష్టం, చాలాసార్లు ఆంప్లిఫయర్ బోర్డే కాలిపోతుంది. దానికి సరిపడా వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. సబ్ మీద రాసిన వాట్ల కంటే బాగా ఎక్కువదే తీసుకోండి.

మామూలు 6 ఆంప్స్ సాకెట్ సరిపోతుంది. వీలైతే రిసీవర్, సబ్ రెండింటికీ ఒకే స్విచ్‌బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. హమ్ (ఏమీ ఆడకపోయినా వచ్చే గుయ్‌మనే శబ్దం) గురించి చెప్పేటప్పుడు దీని లాభం తెలుస్తుంది.

చోటు: అసలు పని ఇదే

గదిలో బేస్ ఎందుకు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుందో అర్థమైతే చోటు వెతకడం తేలిక. 80 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు 14 అడుగులు, 40 హెర్ట్జ్‌ది 28 అడుగులు, అంటే మన హాలు కంటే పెద్దది. అది గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చి తనలో తానే కలుస్తుంది. నీళ్ల తొట్టిని ఒక లయలో ఊపితే రెండు అంచుల దగ్గర నీళ్లు ఎగసిపడుతూ, నడిమధ్యలో మట్టం కదలకుండా ఉంటుంది కదా, హాల్లో గాలి కూడా అంతే. కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర గోడల వద్ద బేస్ రెట్టింపై, మధ్యలో మాయమవుతుంది.

ఆ ఫ్రీక్వెన్సీలు ఏవో మీరే లెక్కకట్టవచ్చు. మన ఉష్ణోగ్రతలకు 570ని అడుగుల్లో గది కొలతతో భాగించండి. 15 అడుగుల పొడవుకు 38 హెర్ట్జ్, 12 అడుగుల వెడల్పుకు 47.5, 10 అడుగుల ఎత్తుకు 57. వీటి రెట్టింపుల దగ్గర, అంటే 76, 95, 114 దగ్గర కూడా ఇలాంటి హెచ్చుతగ్గులే వస్తాయి, కాకపోతే బేస్ మాయమయ్యే చోట్లు మారతాయి. ఈ హాల్లో పొడవుకు రెండు చివరలా ఉన్న గోడల మధ్య సరిగ్గా 7.5 అడుగుల దగ్గర కుర్చీ వేసుకుంటే 38 హెర్ట్జ్ దాదాపుగా వినపడదు. ఎంత ఖరీదైన సబ్ అయినా అక్కడికి ఆ స్వరాన్ని తేలేదు. పొడవూ వెడల్పూ ఒకటే అయిన చదరపు గదులు మరీ కష్టం. రెండు వైపుల గొడవ ఒకే ఫ్రీక్వెన్సీ మీద పడుతుంది.

మన ఇళ్ల ఇటుక గోడలు, కాంక్రీట్ స్లాబు, టైల్స్ నేల ఈ సమస్యను ఇంకాస్త పెంచుతాయి. అమెరికా ఇళ్లలో చెక్క ఫ్రేముకు జిప్సం బోర్డు కొట్టిన గోడలు బేస్‌ను కొంత మింగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన గోడలు వచ్చిందాన్ని వచ్చినట్టే వెనక్కి కొడతాయి. అందుకే అక్కడివాళ్ల రివ్యూ చూసి "ఈ సైజు హాలుకు ఇంత సబ్ కావాలట" అని కొన్నవాళ్లకు ఇక్కడ బేస్ గుమ్మరించినట్టు అనిపిస్తుంది. గోడకు అంగుళం మందం ఫోమ్ షీట్లు అంటిస్తే తగ్గుతుందనుకోవద్దు. అవి పై శబ్దాల ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, 40 హెర్ట్జ్ వాటిని లెక్కచేయదు.

ముందు సోఫా సంగతి చూడండి. మన హాళ్లలో సోఫా వెనక గోడకు ఆనించి ఉంటుంది. గోడ దగ్గర పొడవు తాలూకు ప్రతి బేస్ శిఖరమూ ఒకేచోట పోగవుతుంది, అందుకే అక్కడ ఎప్పుడూ దబదబే. రెండు అడుగులు ముందుకు జరిపితే వినికిడి ఎంత మారుతుందో మీరే ఆశ్చర్యపోతారు. అంత వీలు కాకపోతే ఒక అడుగైనా జరపండి. గది నడిమధ్యకు మాత్రం తేకండి.

ఇప్పుడు సబ్‌కు చోటు. దీనికి అందరూ చేసే పద్ధతి పేరు సబ్ క్రాల్. సబ్ ఉన్న చోట, వినే చోట రెండూ తారుమారు చేసినా గది స్పందన ఒకేలా ఉంటుంది. కాబట్టి సబ్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, మీరు గదంతా తిరిగి వింటే, ఎక్కడ బాగా వినిపించిందో అదే సబ్‌కు మంచి చోటు.

చేసే విధానం ఇది. రిసీవర్ ఆఫ్ చేసి మిగతా స్పీకర్ల వైర్లు తాత్కాలికంగా తీసేయండి. విడిగా వేలాడే తీగలు ఒకదానికొకటి తగలకుండా చూడండి. సోఫాలో మీరు ఎక్కువగా కూర్చునే సీటు మీద, లేదా దాని ముందు గట్టి స్టూలు మీద సబ్ పెట్టండి. పొడవాటి కేబుల్ కావాలి, 5 నుంచి 8 మీటర్లది తెచ్చుకుంటే తర్వాత కూడా పనికొస్తుంది. బేస్ గిటార్ మెట్లు మెట్లుగా ఎక్కిదిగే, మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టండి. దాంతో పాటు 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా నిదానంగా పెరిగే స్వీప్ టోన్ ఫోన్లో దింపుకుంటే ఇంకా మంచిది. వాల్యూమ్ మామూలుగానే ఉంచండి.

ఇక సబ్ పెట్టడానికి వీలున్న చోట్లన్నింటికీ వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, చెవిని నేలకు అడుగు ఎత్తులోకి తెచ్చి వినండి. టీవీ గోడకు రెండు మూలలు, టీవీకీ మూలకూ మధ్య చోటు, పక్క గోడ మధ్యభాగం, సోఫా పక్కన, వెనక. ఒక్కో చోట అరనిమిషం ఆగండి. ఇక్కడే అందరూ తప్పుదారి పడతారు: ఎక్కువ గట్టిగా వినిపించిన చోటును ఎంచుకుంటారు. మీరు వెతకాల్సింది అన్ని స్వరాలూ ఒకే బలంతో వినిపించే చోటు. ఒక స్వరం దగ్గర ఒక్కసారిగా ఉబ్బి, తర్వాతిది నీరసంగా వినిపిస్తే ఆ చోటు వద్దు. గట్టిదనం తక్కువైతే నాబ్‌తో పెంచుకోవచ్చు, హెచ్చుతగ్గులను నాబ్ సరిచేయలేదు. బాగున్న చోట నేల మీద మాస్కింగ్ టేప్ ముక్క అంటించి ముందుకు కదలండి. చివరికి రెండు మూడు గుర్తులు మిగులుతాయి. వాటిలో ప్లగ్ పాయింట్ దగ్గరున్నది, దారికి అడ్డు రానిది ఎంచుకుని సబ్‌ను అక్కడికి మార్చి, సోఫాలో కూర్చుని మళ్లీ వినండి. అరడుగు అటూ ఇటూ జరిపి చూస్తే ఇంకా మెరుగయ్యే వీలుంటుంది.

మూల గురించి ఒక మాట. మూడు ఉపరితలాలు కలిసే చోటు కాబట్టి అక్కడ సబ్ అన్నిటికంటే గట్టిగా మోగుతుంది. చిన్న 8 అంగుళాల సబ్‌కు ఇది వరమే. కానీ గదిలోని అన్ని శిఖరాలనూ మూలే రెచ్చగొడుతుంది. 10, 12 అంగుళాల సబ్ ఉంటే మూల నుంచి రెండు మూడు అడుగులు జరిపి చూడండి. ఫ్లాట్లలో నాకు బాగా నచ్చే చోటు సోఫా పక్కన చివర టేబుల్ ఉండేది. సబ్ చెవికి దగ్గరగా ఉంటే తక్కువ లెవెల్‌తోనే సరిపోతుంది, పక్క గదుల్లోకీ కింది ఇంటికీ వెళ్లేది తగ్గుతుంది.

వెనక పోర్ట్ (గాలి వచ్చిపోయే రంధ్రం) ఉంటే గోడకు కనీసం నాలుగైదు అంగుళాలు ఎడం ఇవ్వండి. టీవీ యూనిట్ అరలోకి తోసేయకండి. కోన్ ఏ వైపు తిరిగి ఉన్నా పెద్ద తేడా లేదు, 80 హెర్ట్జ్ కింద శబ్దం అన్ని వైపులా ఒకేలా వెళ్తుంది. ఇంకొకటి, రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో సబ్ అడుగు ఎండీఎఫ్ చెక్క నీళ్లు పీల్చి ఉబ్బిపోతుంది. అంగుళం మందమున్న రబ్బరు మ్యాట్ మీదో, మిగిలిన గ్రానైట్ ముక్క మీదో పెట్టండి. కోన్ నేలవైపు చూసే మోడల్ అయితే ఇది మరీ అవసరం.

కేబుల్, వెనక నాబ్‌లు

రిసీవర్ వెనక సబ్ ప్రీ అవుట్ అని ఉన్న చోట నుంచి సబ్ మీద ఎల్‌ఎఫ్‌ఈ అని రాసిన ఇన్‌పుట్‌కు ఒక్క ఆర్‌సీఏ కేబుల్ చాలు. ఎల్‌ఎఫ్‌ఈ అని లేక ఎడమ, కుడి అని రెండే ఉంటే సాధారణంగా ఎడమవైపుది వాడమని మాన్యువల్ చెబుతుంది. వై కేబుల్‌తో రెండింటికీ ఇస్తే కొన్ని మోడళ్లలో సిగ్నల్ కొంచెం బలంగా అందుతుంది. కేబుల్‌కు మంచి షీల్డింగ్ ఉంటే చాలు. పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన పసుపు వీడియో కేబుల్ కూడా ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. వేలకు వేలు పోసి సబ్‌వూఫర్ కేబుల్ కొనడం దండగ.

పాత స్టీరియో ఆంప్లిఫయర్‌కు సబ్ అవుట్ ఉండదు. అప్పుడు స్పీకర్ టెర్మినళ్ల నుంచే సబ్ మీది హై లెవెల్ ఇన్‌పుట్‌కు తీగలు తీసుకోవచ్చు. ఈ ఒక్క సందర్భంలోనే సబ్ మీదున్న క్రాసోవర్ నాబ్‌కు (ఏ ఫ్రీక్వెన్సీ కింది శబ్దం సబ్‌కు వెళ్లాలో తేల్చేది) పని ఉంది. స్పీకర్లు ఎక్కడ బలహీనపడతాయో అక్కడికి, 60 నుంచి 80 మధ్య, చెవితో సరిచూసుకుని పెట్టండి.

రిసీవర్ వాడేవాళ్లు సబ్ మీది క్రాసోవర్ నాబ్‌ను పూర్తిగా పైకి తిప్పేయాలి, లేదా స్విచ్‌ను ఎల్‌ఎఫ్‌ఈ వైపు, బైపాస్ వైపు ఉంచాలి. రిసీవర్ ఒకసారి కోసిన శబ్దాన్ని సబ్ మళ్లీ కోస్తే మధ్యలో గండి పడుతుంది. ముందు స్పీకర్లకూ సబ్‌కూ పొంతన కుదరకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఈ నాబే.

గెయిన్ నాబ్‌ను (సబ్ ఎంత గట్టిగా పలకాలో తేల్చేది) గడియారంలో 10, 11 గంటల దగ్గర ఉంచండి. ఫేజ్ సున్నా దగ్గర. పవర్ స్విచ్‌ను ప్రస్తుతానికి ఆటో కాకుండా ఆన్‌లో ఉంచండి, లేకపోతే కొలతల మధ్యలో సబ్ నిద్రపోతుంది.

రిసీవర్ మెనూ

డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిసీ, యమహాలో వైపావో, కొన్నిట్లో డిరాక్ లైవ్, పేరు ఏదైనా మైక్‌తో గదిని కొలిచే పని ఒకటే. మైక్‌ను చేత్తో పట్టుకోకండి, సోఫా వెనక దిండు మీద ఆనించకండి. కెమెరా ట్రైపాడ్ మీద, కూర్చున్నప్పుడు మీ చెవి ఉండే ఎత్తులో పెట్టండి. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ కట్టేయండి. సీలింగ్ ఫ్యాన్ గాలి మైక్‌కు కొడితే బేస్ కొలత చెడిపోతుంది. ఇంట్లో నడకలు, మాటలు ఆ పది నిమిషాలు ఆపండి.

కొలత అయ్యాక రిసీవర్ తేల్చిన సబ్ లెవెల్ చూడండి. చాలా రిసీవర్లలో ఇది మైనస్ 12 నుంచి ప్లస్ 12 దాకా ఉంటుంది. సరిగ్గా మైనస్ 12 చూపిస్తే సబ్ గెయిన్ ఎక్కువైంది, రిసీవర్ ఇంకా తగ్గించాలనుకుని తగ్గించలేకపోయింది. గెయిన్ నాబ్ తగ్గించి మళ్లీ కొలవండి. ప్లస్ 6 పైన ఉంటే గెయిన్ పెంచి మళ్లీ. సున్నాకు కాస్త కింద, మైనస్ మూడు నాలుగు దగ్గర ఆగితే బాగుంది.

సబ్ దూరం టేపుతో కొలిచిన దానికంటే నాలుగైదు అడుగులు ఎక్కువ చూపించవచ్చు. అది తప్పు కాదు, మార్చకండి. సబ్ లోపలి సర్క్యూట్ శబ్దాన్ని కొద్దిగా ఆలస్యం చేస్తుంది, రిసీవర్ ఆ ఆలస్యాన్ని కూడా దూరంగానే లెక్కవేస్తుంది.

ఇక చేత్తో మార్చాల్సినవి. ముందు స్పీకర్లను రిసీవర్ లార్జ్ అని గానీ, ఫుల్ బ్యాండ్ అని గానీ తేల్చి ఉంటే స్మాల్‌కు మార్చండి. స్పీకర్ ఎంత పెద్దదైనా సరే. స్మాల్ అంటే నాణ్యత తక్కువని అర్థం కాదు, కింది బేస్ సబ్‌కు వెళ్లాలనే ఆదేశం మాత్రమే. క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. సినిమా సౌండ్ నాణ్యతకు పేరున్న టీహెచ్‌ఎక్స్ ప్రమాణం నుంచి వచ్చిన ఈ అంకె చాలా ఇళ్లకు సరిపోతుంది. రిసీవర్ 40 అని పెడితే 80కి పెంచవచ్చు. కానీ చిన్న శాటిలైట్ స్పీకర్లకు అది 120 అని తేలిస్తే కిందికి దించకండి, వాటికి అంతకన్నా కింద పలికే శక్తి లేదు.

ఎల్‌ఎఫ్‌ఈ లో పాస్ ఫిల్టర్ అనే సెట్టింగ్ ఉంటే 120 దగ్గర వదిలేయండి. ఇది క్రాసోవర్ కాదు, దీన్ని 80 చేస్తే సినిమా ట్రాకులో కొంత పోతుంది. డెనాన్‌లో ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్, యమహాలో ఎక్స్‌ట్రా బేస్, ఆన్‌క్యోలో డబుల్ బేస్ పేరుతో ఉండే సెట్టింగ్‌ను ఆపేయండి. అది ఒకే బేస్‌ను స్పీకర్లకూ సబ్‌కూ పంపుతుంది, రెండూ కొట్లాడుకుని శబ్దం మందమవుతుంది.

క్రాసోవర్ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి బరువైన గొంతున్న మగ న్యూస్ రీడర్ వార్తలు పెట్టండి. మగవాళ్ల గొంతు సుమారు 85 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. మాటలో కొంత భాగం మూలనున్న సబ్ నుంచి వస్తున్నట్టు అనిపిస్తే క్రాసోవర్ ఎక్కువైంది, లేదా లెవెల్ ఎక్కువైంది. సెంటర్ స్పీకర్ నుంచే నిండుగా వస్తుంటే కుదిరినట్టే.

ఫేజ్, లెవెల్: చెవితో చివరి సవరణ

సబ్, ముందు స్పీకర్లు 80 హెర్ట్జ్ దగ్గర కలిసి తోయాలి. ఒకటి తోస్తుంటే ఒకటి లాగితే ఆ స్వరం ఆవిరైపోతుంది. 80 హెర్ట్జ్ టోన్ స్టీరియోలో పెట్టండి. మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరిని సబ్ వెనక ఫేజ్ స్విచ్ 0, 180 మధ్య మార్చమనండి. ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడే ఉంచండి. తిప్పే నాబ్ అయితే నిదానంగా తిప్పుతూ వినాలి. తేడా ఏమీ తెలియకపోతే సున్నా దగ్గరే వదిలేయండి. ఇంకా సన్నగా సరిచేయాలంటే రిసీవర్‌లో సబ్ దూరాన్ని అడుగు చొప్పున మార్చి చూడవచ్చు.

లెవెల్‌ను ఫోన్ యాప్‌తో తేల్చకండి. ఫోన్ మైకులు కింది బేస్‌ను సరిగా పట్టవు. సౌండ్ మీటర్ ఉంటే సి వెయిటింగ్, స్లో మీద పెట్టి, రిసీవర్ టెస్ట్ టోన్‌కు అన్ని స్పీకర్లూ 75 డెసిబెల్స్ చూపేలా చూడండి. మీటర్ లేకపోతే ఆటో కొలతనే నమ్మండి. ఆ తర్వాత ఇష్టాన్ని బట్టి రిసీవర్‌లో సబ్‌ను 3 డెసిబెల్స్ పెంచుకోవడంలో తప్పులేదు, చాలామంది అలాగే వింటారు. పెంచిన మొదటి రోజు ఆనందంగా ఉంటుంది. వారం రోజులు రకరకాల సినిమాలు, పాటలు విని అప్పుడు నిర్ణయించుకోండి. పాటలో డప్పు దెబ్బ పడి ఆగిన చోట ఆగకుండా సబ్ ఇంకా మూలుగుతుంటే ఎక్కువ పెట్టారని అర్థం.

కాస్త లోతుకు వెళ్లే ఓపిక ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మినీడీఎస్‌పీ వాళ్ల యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైక్ లాప్‌టాప్‌కు పెడితే మీ గది బేస్ గ్రాఫ్ కళ్లముందుకు వస్తుంది. 570తో లెక్కకట్టిన అంకెల దగ్గరే గుట్టలు, గుంటలు కనిపించడం చూస్తే ఈ విషయం మీద ఇష్టం పెరుగుతుంది. గుట్టలను ఈక్వలైజర్‌తో కోయవచ్చు. గుంటలను పూడ్చాలని మాత్రం చూడకండి, ఎంత పవర్ పోసినా గది దాన్ని రద్దు చేస్తూనే ఉంటుంది, మధ్యలో ఆంప్లిఫయర్ వేడెక్కుతుంది. గుంటకు మందు సబ్‌నో సోఫానో జరపడమే.

గుయ్‌మనే హమ్, గలగలలు

ఏమీ ఆడకపోయినా సబ్ గుయ్ అంటుంటే ముందు దాని ఆర్‌సీఏ కేబుల్ పీకండి. ఆగకపోతే సబ్‌లోనో, కరెంటులోనో లోపం. ఆగితే ఎక్కువ భాగం గ్రౌండ్ లూప్. ఎర్త్‌కు రెండు దారులు దొరికినప్పుడు 50 హెర్ట్జ్ కరెంటు కేబుల్‌లోకి దూరుతుంది. కేబుల్ తిరిగి పెట్టి, సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే డిష్ వైరునో కేబుల్ టీవీ వైరునో విప్పి చూడండి. దోషి చాలాసార్లు అదే. ఆ వైరుకు ఐసొలేటర్ పెడితే పోతుంది. రిసీవర్‌నూ సబ్‌నూ ఒకే బోర్డు మీదకు తెచ్చినా కొన్నిసార్లు ఆగుతుంది. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, టేప్ చుట్టడం మాత్రం చేయకండి. హమ్ ఆగవచ్చు, కానీ ఏదో ఒక రోజు లోపల తీగ తగిలితే షాక్ కొట్టేది ఇంట్లోవాళ్లకే. ఇంటి ఎర్తింగ్ మీద అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి.

గలగలలకు 20 నుంచి 120 దాకా స్వీప్ నిదానంగా పెట్టి హాల్లో తిరగండి. షోకేస్ అద్దం, గోడ గడియారం, ఫొటో ఫ్రేములు, జరిపే కిటికీ రెక్కలు, ఫాల్స్ సీలింగ్ లైట్లు, ఏసీ గ్రిల్, వంటింట్లో స్టాండులో నిలబెట్టిన స్టీలు ప్లేట్లు, ఒక్కొక్కటి తన ఫ్రీక్వెన్సీ రాగానే మోగుతుంది. మోగినదాన్ని చేత్తో నొక్కితే ఆగుతుంది, అదే గుర్తు. ఫ్రేము వెనక నాలుగు మూలలా ఫెల్ట్ ముక్కలు, అద్దం అంచున డబుల్ టేప్, కిటికీకి రబ్బరు పట్టీ చాలు. బేస్ బాగోలేదని అనిపించేదాంట్లో చాలా భాగం ఈ గలగలలే. అవి పోయాక సబ్ మారిందా అన్నట్టుంటుంది.

కింది ఫ్లాట్ వాళ్లు

బేస్ స్లాబు గుండా ప్రయాణిస్తుంది. సబ్ కింద మందమైన రబ్బరు, ఫోమ్ ప్యాడ్లు పెట్టడం వల్ల పెట్టె నుంచి నేలలోకి దిగే అదురు తగ్గుతుంది. గాలి ద్వారా స్లాబును ఊపే శబ్దం మాత్రం అలాగే వెళ్తుంది, ఆ విషయం తెలుసుకునే కొనండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. ఆ కొలత ‘A’ వెయిటింగ్‌తో, అంటే చెవికి అంతగా వినపడని కింది శబ్దాలను తగ్గించి లెక్కించే పద్ధతిలో ఉంటుంది. అది 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. కాబట్టి మీటర్ అంకె చూపించి "ఇంతేగా" అని వాదించడం న్యాయం కాదు. వాళ్ల మంచం అదురుతున్న మాట నిజమే అయి ఉంటుంది. ఒకసారి మీ సినిమా నడుస్తుండగా వాళ్లింట్లో కూర్చుని వినండి, ఏ లెవెల్ దాకా ఫర్వాలేదో ఇద్దరూ కలిసి తేల్చుకోండి. రాత్రి పది తర్వాత రిసీవర్‌లో నైట్ మోడ్ లేదా డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (గట్టి శబ్దాలకూ మెల్లని శబ్దాలకూ తేడా తగ్గించే సెట్టింగ్) ఆన్ చేసి, సబ్ లెవెల్ 6 డెసిబెల్స్ తగ్గించండి. కొన్ని రిసీవర్లలో ఆడిసీ ఎల్‌ఎఫ్‌సీ అని ఉంటుంది, గోడలు దాటే బేస్‌ను తగ్గించడానికే దాన్ని పెట్టారు.

తక్కువ వాల్యూమ్‌లో సబ్ మధ్యమధ్యలో నిద్రపోతుంటే అది ఆటో స్విచ్ పని. సిగ్నల్ బలహీనమని ఆఫ్ అయిపోతుంది. రిసీవర్‌లో సబ్ లెవెల్ 3 పెంచి, సబ్ గెయిన్‌ను అంతే తగ్గించండి. శబ్దం మారదు, సబ్ మేలుకుని ఉంటుంది. అయినా ఆగకపోతే ఆన్‌లోనే ఉంచి, సినిమా అయ్యాక స్విచ్‌బోర్డు దగ్గర కట్టేయండి.

రెండో సబ్ ఎప్పుడు

సోఫాలో ఒక సీటుకు బాగుండి, పక్క సీటుకు చెడిపోతుంటే ఒక్క సబ్‌తో పూర్తిగా సరికాదు. హార్మన్ అనే ఆడియో సంస్థలో పనిచేసిన టాడ్ వెల్టి 2002లో దీర్ఘచతురస్రాకారపు గదుల మీద చేసిన పరిశోధన ఇక్కడ దారి చూపుతుంది. ఎదురెదురు గోడల మధ్యబిందువుల దగ్గర చెరొక సబ్ పెడితే సీటు సీటుకూ మధ్య తేడా బాగా తగ్గుతుందని అందులో తేలింది. మన ఉదాహరణ హాల్లో అయితే టీవీ కింద ఒకటి, సోఫా వెనక ఒకటి. అందుకే సోఫాను గోడ నుంచి జరిపి ఉంచడం అప్పుడు రెండు విధాలా పనికొస్తుంది. ఒక పెద్ద సబ్ డబ్బుతో అదే కంపెనీవి, అదే మోడల్‌వి రెండు 10 అంగుళాలవి వస్తే నేను రెండే కొంటాను. ఒక్కొక్కటి విడిగా ఆన్ చేసి, సోఫా దగ్గర రెండూ సమానంగా వినిపించేలా గెయిన్ నాబ్‌లు సరిచేయండి. తర్వాత రెండూ ఆన్ చేసి, 50 హెర్ట్జ్ టోన్‌తో ఒకదాని ఫేజ్ మార్చి చూసి, గట్టిగా వినిపించిన వైపు ఉంచండి. అప్పుడు రిసీవర్ కొలత మొదటి నుంచి మళ్లీ చేయండి.